పెళ్ళితెరకో సీరియల్ పోర్టు

కొత్తగరువులో తెలివైనవాళ్ళెవరని అడిగితే ఊళ్ళోవాళ్ళు నవ్వి ఊరుకుంటారుగాని, తాతబ్బాయి మాత్రం తడుముకోకుండా "మేమే" అంటాడు. మేమంటే తాతబ్బాయి, అతని భార్య మంగతాయారు, తమ్ముడు చిట్టబ్బాయి, తల్లి ఆదెమ్మ.

"మా ఇంట్లో మాట పొల్లుపోదండీ. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అంతకంటే ఏముంటదండీ?" అనేవాడు.

నిజమే. ఒకసారి నలుగురూ బస్సెక్కారు. "ముందుకు నడవండి, ముందుకు నడవండి" అని అరిచాడు కండక్టరు. అంతే, నలుగురూ ముందు తలుపులోంచి దిగి బస్సుకి ముందు నడవడం మొదలెట్టారు. వెనకాల బస్సు హారను కొడుతుంటే తాతబ్బాయి గర్వంగా అన్నాడు: "చూశారర్రా, కండక్టరు మాట విన్నది మనమే. లోపలున్నవాళ్ళంతా మొండిఘటాలు!"

అలాంటి తాతబ్బాయికి బట్టల మీద పూలు కుట్టే కంప్యూటరు మిషను ఒకటుంది. పాతది, కాని పనిమంతురాలు. కంప్యూటర్లో బొమ్మ పెడితే మిషను గుడ్డమీద కుడుతుంది. రెండిటికీ మధ్య తీగ ఉండదు. మిషను నుదుటిమీద నల్లటి అద్దంబిళ్ళ ఉంది. కంప్యూటరు వైపునుంచి కంటికి కనపడని వెలుతురు వచ్చి ఆ అద్దంలో పడితే, ఆ వెలుతురే బొమ్మని మోసుకొస్తుంది. టీవీ రిమోటు ఎలాగో ఇదీ అలాగే.

ఇప్పుడు తాతబ్బాయి పరువంతా ఆ మిషను మీదే ఉంది. రేపు పొద్దున అతని మేనకోడలు సువర్చల పెళ్ళి. జీలకర్రాబెల్లం వేళ వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర మేనమామ తేవాలి. "మావయ్యా, నాకు నగలొద్దు, చీరలొద్దు. తెరమీద రెండు హంసలు, కింద మా పేర్లు, నీ మిషనుమీద కుట్టిపెట్టు చాలు" అంది ఆ పిల్ల. పక్కనే ఉన్న మగపెళ్ళివారు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు తాతబ్బాయి గుండెలో ముల్లులా దిగింది. పిల్లంటే అతనికి ప్రాణం. "హంసలు రెక్కలు కొట్టుకుంటూ వస్తాయి, చూస్తూ ఉండండి!" అని మాటిచ్చేశాడు.

తీరా చూస్తే, కంప్యూటరు వైపు వెలుతురు పంపించే పరికరం చచ్చి ఊరుకుంది. రావులపాలెంలో కంప్యూటర్లు బాగుచేసే కాశీపతి దగ్గరికి పరుగెత్తి, బొటనవేలంత కొత్త పుల్ల ఒకటి తెచ్చుకున్నాడు. దాని తోక యూఎస్‌బీ బొక్కలో దూర్చాలి. మిగతాది ఫోనులో చెబుతానన్నాడు కాశీపతి. తాతబ్బాయి అతని నంబరు గోడమీద బొగ్గుతో పెద్దపెద్ద అంకెల్లో రాసుకుని, ఫోను చేశాడు.

"చూడండి తాతబ్బాయిగారూ," అన్నాడు కాశీపతి, "మీ కుట్టుబొమ్మల ప్రోగ్రాం ముసలిది. దానికి యూఎస్‌బీ అంటే తెలీదు. పూర్వం కంప్యూటరు వెనక సీరియల్ పోర్టని ఒక బొక్క ఉండేది, దానికి అదొక్కటే తెలుసు. అందుకని ఈ పుల్ల తానే సీరియల్ పోర్టునని చెప్పుకుంటుంది. ముసలిది నమ్మేస్తుంది. పని జరిగిపోతుంది."

తాతబ్బాయి మొహం మాడిపోయింది. "అమ్మా, ఇది మారువేషం వేసుకుని ముసలిదాన్ని మోసం చేస్తదంట!"

ఆదెమ్మ బుగ్గలు నొక్కుకుంది. "శుభమా అని పెళ్ళి పెట్టుకుని అబద్ధాలేంట్రా?" అంటూనే ఏదో గుర్తొచ్చి తేరుకుంది. "పర్లేదులే. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు."

"అయితే ఇది ఒకటే కదమ్మా," అన్నాడు చిట్టబ్బాయి దిగులుగా. "మిగతావి ఎవరాడతారు?"

"నువ్వే ఆడు నాయనా, ఖాళీగానే ఉన్నావుగా."

చిట్టబ్బాయి వెంటనే వీధిలోకెళ్ళి, కొబ్బరిబోండాలు కొట్టేవాడితో తనకి ఏనుగుందని చెప్పి, కాసేపటికి కొంచెం బరువు తగ్గినవాడిలా తిరిగొచ్చాడు.

అప్పుడు ఫోనులో కాశీపతి రెండో ముక్క చెప్పాడు. "పుల్ల గుచ్చాక కంప్యూటరు తెరమీద ఏదో ఒకటి అడుగుతుంది. ఏది అడిగినా ఎస్ అనండి."

ఇంకేముంది! తెరమీద ప్రశ్న రాగానే నలుగురూ వరసగా నిలబడి "ఎస్!" అన్నారు. అది పలకలేదు. ఆదెమ్మ గొంతు సవరించుకుని దగ్గరగా వెళ్ళి "ఎస్సమ్మా, ఎస్సు" అని బుజ్జగించింది. ఉహూఁ. "చెవుడేమో" అని మంగతాయారు వంటింట్లోంచి గరాటా తెచ్చి అందులోంచి అరిచింది. పొరుగింటివాళ్ళ కోళ్ళు గోడెక్కాయి. చివరికి కాశీపతి ఫోనులో గోలవిని, "నోటితో కాదండీ బాబూ, మౌసుతో నొక్కండి!" అన్నాడు.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా," అని విసుక్కున్నాడు తాతబ్బాయి. ఈ కాశీపతికి తెలివి కాస్త తక్కువని అతనికి అనుమానం వచ్చింది.

నొక్కారు. పుల్ల మేలుకుంది. "ఏ నంబరొచ్చింది?" అన్నాడు కాశీపతి.

"తొమ్మిదండి."

"అదే చిక్కు. ముసలి ప్రోగ్రాం నాలుగు దాటి లెక్కపెట్టలేదు. పోర్టు నంబరు తొమ్మిది తీసేసి నాలుగు చెయ్యాలి." ఎక్కడ నొక్కాలో ఓపిగ్గా చెప్పాడు. తాతబ్బాయి తొమ్మిది చెరిపి నాలుగు పెట్టాడు. "ఆఁ, అంతే. తొమ్మిది ఇంకెక్కడ కనపడినా నాలుగు చేసెయ్యండి. ఇప్పుడు పుల్లనీ మిషన్నీ ఎదురెదురుగా పెట్టండి. ఒకదాన్నొకటి చూసుకోవాలి. మధ్యలో ఏ వస్తువూ అడ్డం ఉండకూడదు. ఏదన్నా తేడా వస్తే మళ్ళీ చెయ్యండి" అని ఫోను పెట్టేశాడు.

నలుగురూ పనిలో పడ్డారు. గుమ్మం మీద ఇంటి నంబరు తొమ్మిదిని చిట్టబ్బాయి నాలుగు చేశాడు. కేలండర్లో తొమ్మిదో తారీఖుని మంగతాయారు కాటుకతో నాలుగు చేసింది. ఆదెమ్మ గోడగడియారం దింపించి తొమ్మిదిమీద నాలుగు వేసిన కాగితం అతికించింది. గడియారానికి రెండు నాలుగులయ్యాయి. తాతబ్బాయి గోడమీది ఫోను నంబర్లో తొమ్మిదులన్నీ తుడిచి, శుభ్రంగా నాలుగులు దిద్దాడు.

తర్వాత మధ్యలో ఉన్న స్టూలు తీశారు, దారం కండెలు తీశారు, చెప్పుల జత కూడా తీశారు. కంప్యూటర్లో హంసల బొమ్మ పెట్టి, పంపించే బొత్తాం నొక్కి, నలుగురూ పుల్లకీ మిషనుకీ మధ్య గొంతుక్కూర్చుని వెలుతురు వస్తుందేమోనని కళ్ళు చిట్లించి చూశారు.

"ఏమీ రావట్లేదన్నయ్యా."

"కనపడని వెలుతురు కదరా. కనపడట్లేదంటే వస్తున్నట్టే."

మిషను మాత్రం ఉలకలేదు, పలకలేదు. "మనం అడ్డమేమోనండీ?" అంది మంగతాయారు. ఆ ఇంట్లో తెలివికి దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే. తాతబ్బాయి కొట్టిపారేశాడు. "ఏ వస్తువూ అన్నాడు. మనం వస్తువులమా?"

మళ్ళీ నొక్కారు. మళ్ళీ కూర్చున్నారు. తాతబ్బాయి గోడమీద చూసి కాశీపతికి ఫోను చేశాడు. ఆ నంబరే లేదంది ఫోను. "ఇందాకటిదాకా ఉన్న మనిషి నంబరు లేకుండా పోయాడేంటి!" అని ఫోను తిప్పి దాని వెనక వెతికాడు.

అదృష్టం, కాసేపటికి కాశీపతే చేశాడు. ఫోను చిట్టబ్బాయి చేతికి దొరికింది. "పనైందా?" అన్నాడు కాశీపతి. చిట్టబ్బాయికి ఇంకా బోలెడు అబద్ధాలు బాకీ ఉన్నాయి. "ఓ, భేషుగ్గా అయింది!" అన్నాడు. "అయితే నేను అన్నవరం బయల్దేరుతున్నా, ఫోను కట్టేస్తా" అన్నాడు కాశీపతి. అంతే, ఆ తాడూ తెగింది.

సంగతి విని తాతబ్బాయి నేలమీద చతికిలపడ్డాడు. బయట పొద్దు వాలుతోంది. తెల్లటి తెరగుడ్డ మిషనులో బిగించి ఉంది, ఒక్క కుట్టు లేదు. మగపెళ్ళివారి నవ్వు అతనికి మళ్ళీ వినపడింది. నగలొద్దన్న పిల్లకి గుడ్డముక్క కూడా ఇవ్వలేకపోతున్నానే అని కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. చిట్టబ్బాయి భయపడి, "ఏడవకన్నయ్యా, నాకు ఏనుగు లేదు, అబద్ధం" అన్నాడు.

అప్పుడు ఆదెమ్మ లేచింది. "ఒరే పెద్దోడా, ఆయన ఏవన్నాడు? ఒకదాన్నొకటి చూసుకోవాలన్నాడు. నలుగురం నట్టింట్లో కూర్చుంటే ఏ కొత్త పెళ్ళికూతురన్నా తలెత్తి చూస్తదంట్రా? మీ నాన్న నన్ను చూడ్డానికొచ్చినప్పుడు ఇంటినిండా జనం. నేను ఆయన కాళ్ళబొటనవేళ్ళు తప్ప ఏవీ చూడలా. లెండి, లెండి. వాటి మానాన వాటిని వదిలెయ్యండి."

తాతబ్బాయి కళ్ళు తుడుచుకుని, కడసారిగా బొత్తాం నొక్కి, తలొంచుకుని బయటికొచ్చాడు. ఆదెమ్మ తలుపు మూసింది. నలుగురూ అరుగుమీద కూర్చున్నారు.

లోపల టకటకటకమని మొదలైంది.

"సిగ్గు తీరింది!" అని ఆదెమ్మ చప్పట్లు కొట్టింది. తాతబ్బాయి ఆనందం పట్టలేక తమ్ముణ్ణి ఎత్తి తిప్పాడు. తలుపు తీసేసరికి తెరమీద రెండు హంసలు ముక్కూముక్కూ ఆనించుకుని, కింద బంగారు దారంతో పేర్లు. ఎంత ముద్దుగా ఉన్నాయంటే, మంగతాయారు వాటికి గుప్పెడు బియ్యం వెయ్యబోయింది.

మర్నాడు పెళ్ళిపందిట్లో తెర విప్పగానే అందరూ అబ్బా అన్నారు. మగపెళ్ళివారు దగ్గరికొచ్చి తడిమి చూశారు. సువర్చల మేనమామ వంక చూసి కళ్ళతోనే దణ్ణం పెట్టింది. తాతబ్బాయి ఛాతీ చొక్కాలో పట్టలేదు.

పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో తెర పట్టారు. మంత్రాలు మొదలయ్యాయి. తాతబ్బాయి మొహం హఠాత్తుగా పాలిపోయింది. ఎదురెదురుగా ఇద్దరు, మధ్యలో వస్తువు! నిన్నంతా అంత ఏడ్చి నేర్చుకున్న పాఠం! ఇలాగైతే పిల్ల కాపురం మొదలౌతుందా?

అంతే, మొలలోంచి కత్తెర తీసి, హంసలకీ పేర్లకీ మధ్య ఖాళీలో, ఒక్క కుట్టు తెగకుండా గుండ్రంగా కిటికీ కోసేశాడు. అందులోంచి పెళ్ళికొడుకు బిత్తరపోయిన మొహం కనపడింది. సువర్చల కిసుక్కున నవ్వింది.

"అయ్యో అయ్యో, ముహూర్తం కాకుండా చూసుకోకూడదు! అడ్డం పెట్టండి!" అని పురోహితుడు కేకేశాడు.

చిట్టబ్బాయి ఒక్క గెంతు గెంతి, తన తల ఆ కిటికీలో దూర్చేశాడు. సరిగ్గా అప్పుడే మేళం గట్టిగా మోగింది. కంగారులో వధూవరులిద్దరూ చేతులు చాచారు. ఇద్దరి చేతులకీ ముందు తగిలిన తల చిట్టబ్బాయిదే. జీలకర్రాబెల్లం మొత్తం అతని నెత్తిన పడింది. ఆదెమ్మ కళ్ళనీళ్ళతో అక్షింతలు కూడా వేసేసింది.

పురోహితుడు నుదురు కొట్టుకుని, తెర మడతపెట్టించి, మేళం ఆగకముందే వధూవరుల చేత మళ్ళీ సరిగ్గా పెట్టించాడు. పందిరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. తాతబ్బాయి కుటుంబం మాత్రం నవ్వలేదు. జీలకర్రాబెల్లం పడిందంటే పెళ్ళయినట్టే. పెళ్ళయ్యాక చిట్టబ్బాయిని అత్తారింటికి పంపక తప్పుతుందా?

సాయంత్రం అప్పగింతలప్పుడు ఆదెమ్మ మనవరాలి చేయీ చిట్టబ్బాయి చేయీ కలిపి మగపెళ్ళివారి చేతుల్లో పెట్టి, "మావాడికి పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ ఉండాలమ్మా, జాగ్రత్తగా చూసుకోండి" అని భోరున ఏడ్చి, పెద్దకొడుకునీ కోడల్నీ తీసుకుని బస్సెక్కేసింది.