పదిహేడో ప్రశ్న

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు, తలుపు తీసే ఉంది. డాక్టర్ హైమవతిగారి సంగతి ఎత్తితే సగం మంది వినకముందే నవ్వుతారు.

కుటుంబ నియంత్రణ మీద, ఈడొచ్చిన పిల్లల ఆరోగ్యం మీద నలభయ్యేళ్లు పరిశోధన చేసిన మనిషి ఆవిడ. కాలినడకన తిరిగిన ఊళ్లన్నీ కలిపితే భూమి చుట్టూ ఏడుసార్లు. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటే చాలు, కలెక్టర్లు లేచి నిలబడేవారు.

అలాంటావిడ శిష్యురాలు నళిని. ఓ సాయంత్రం లావుపాటి రిపోర్టు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టింది.

"ఇరవై లోపు పెళ్లయిన ఆడపిల్లలు, ఆరువందల పన్నెండు మంది మేడమ్. గర్భం రాకుండా ఏమైనా వాడుతున్నావా అంటే అందరిదీ 'లేదు' అనే. ఇక వాళ్లకోసం పెట్టిన సలహా కేంద్రం దేనికి? ఎత్తేయొచ్చని రాశాను. మీరు సంతకం పెడితే రేపే పైకి పంపిస్తా."

"అంత నమ్మకమా?"

"అత్తగార్లే పక్కన కూర్చుని, కాఫీలిచ్చి మరీ చెప్పించారు."

హైమవతిగారు కలం తీయలేదు. ఖాళీ ఫారం ఒకటి మడిచి సంచీలో పెట్టుకున్నారు.

"కాఫీ అంటే గుర్తొచ్చింది. మీ అత్తగారి చేతి కాఫీ తాగి చాన్నాళ్లయింది. పద."

నళిని అత్తగారు సీతారావమ్మగారు గ్లాసులు అందించి, కోడలి పక్కనే కూర్చున్నారు. హైమవతిగారు ఫారం విప్పారు.

"పేరు?"

నళినికి నవ్వొచ్చింది. "నళిని."

"వయసు?"

"ఇరవయ్యేడు."

అలా ఒక్కొక్కటీ అడుగుతూ వచ్చారు.

"పదిహేడో ప్రశ్న. గర్భం రాకుండా ఏమైనా వాడుతున్నావా?"

తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. వీధిలో కుక్క మొరగబోయి మానుకుంది. నళిని కళ్లముందు మాత్రం వంటింట్లో మెంతుల డబ్బా, దాని అడుగున ఏడాదిగా దాస్తున్న మాత్రల అట్ట.

అత్తగారు ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"లేదండీ."

తన నోటి నుంచే వచ్చిందా మాట?

"అదేం ప్రశ్నండీ డాక్టరుగారూ," అన్నారు సీతారావమ్మగారు. "మనవడి కోసం నేను మొక్కని దేవుడుంటేగా."

హైమవతిగారు 'లేదు' అని రాసి, ఫారం నళిని ఒళ్లో పెట్టారు.

"దీన్నీ కలుపుకో తల్లీ. ఆరువందల పదమూడు."

మర్నాడు నళిని, సర్వే మొదలుపెట్టిన ఊరికి మళ్లీ బస్సెక్కింది.

కోతలంటారా? పక్కనే కూర్చుని చూసిన సీతారావమ్మగారు నిక్షేపంలా ఉన్నారు. వెళ్లి ఏమైనా అడగండి. పదిహేడోది మాత్రం వద్దు.