కాసులమ్మ విన్న రెండు గొంతులు

జ్ఞానాపురంలో డ్రమ్స్ నేర్పే దేవసహాయం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, ఏదో ఒకటి తెమ్మనేవారు. వేగం పెంచితే తాళం ఎందుకు జారిపోతోందని అడిగినవాణ్ణి వాళ్లింట్లో కుట్టుమిషను మోసుకురమ్మన్నారు. వాడు మోసుకొచ్చాడు, దాన్ని తొక్కీ తొక్కీ తాళం నేర్చుకునే వెళ్లాడు. మా ఎల్లాజీ ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ఆయన తెమ్మన్నది వాళ్లమ్మని.

ఎల్లాజీది జాలరిపేట. చేపలరేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. మా బ్యాండులో గొంతు అతనిది. నేను బేసు గిటారు వాయించేవాణ్ణి. మేం వాయించేది బ్రూటల్ డెత్ మెటల్, రాక్ సంగీతంలో అన్నిటికన్నా మొరటు రకం. ఆ సంగీతంలో గొంతు పని మాట చెప్పడం కాదు. పొట్ట అడుగునుంచి గుర్రుమంటూ లేచి, డ్రమ్ములతో గిటార్లతో కలిసి అదీ ఒక వాద్యమైపోవాలి. ఆ విద్యలో ఎల్లాజీని మించినవాడు మా ఊళ్లో లేడు. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ వదలాలో మాస్టారే దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. ఎల్లాజీ పాడుతుంటే గదిలో కిటికీ అద్దాలు వణికేవి. పాటలూ అతనే రాసేవాడు. కానీ ఏం రాశాడో మాలో ఎవరికీ తెలియదు, వినేవాళ్లకి అసలే తెలియదు.

మొదటి ఆల్బమ్ మాస్టారి గదిలోనే రికార్డు చేస్తున్నాం. సగం అయ్యాక విని చూసుకుంటే బలం ఉంది, వేగం ఉంది, కానీ పాటకీ పాటకీ తేడా తెలియడం లేదు. అప్పుడు మా గిటారు అతను ఇమ్రాన్ స్వరాజ్యం అనే అమ్మాయిని తీసుకొచ్చాడు. ఆమె ఆర్టీసీలో కండక్టరు. కాలేజీ రోజుల్లో హార్డ్‌కోర్ బ్యాండులో పాడేది. హార్డ్‌కోర్ గొంతు వేరు: అది ఊరేగింపులో ముందు నడిచేవాళ్ల కేకలాంటిది. గుండెల్లోంచి సూటిగా రావాలి, ప్రతి మాటా తెలియాలి. ఆమె వచ్చి ఒక్క కేక వేసింది. పక్క వీధిలో ఎవరో ఏమైందని అడిగారు. మాకందరికీ నచ్చింది, ఎల్లాజీకి తప్ప.

వారం రోజులు అతను ముభావంగా తిరిగాడు. చివరికి మాస్టారి దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, నాది అడుగు గొంతు, ఆ అమ్మాయిది పైగొంతు. రెండూ ఒకే పాటలో పెడితే అందరూ ఆమె మాటే వింటారు. నాది తగ్గిపోదా? తగ్గేటట్టయితే నేను ఈ ఆల్బమ్‌లో ఉండను."

ఆ మాటకి మా అందరి చేతులూ ఆగిపోయాయి. అతను లేకపోతే బ్యాండే లేదు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నీ గొంతు పుట్టినప్పటినుంచి విన్నది ఎవరని అడిగారు. మా అమ్మ అన్నాడు ఎల్లాజీ. "ఆదివారం తీసుకురా. తగ్గిందో లేదో ఆవిడే చెబుతుంది" అని ఆయన తన పనిలో పడ్డారు.

ఎల్లాజీ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. బయటికి వచ్చాక, గొంతు తగ్గడం ఒక్కటే తన భయం కాదని నాతో చెప్పాడు.

అతనికి ఆరేళ్లప్పుడు ఒకరోజు వాళ్ల నాన్న నరసయ్య వేటకి వెళ్లాడు. పొద్దెక్కేసరికి గాలి రేగింది. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి, నరసయ్య పడవ రాలేదు. తల్లి కాసులమ్మ గంప చంకనపెట్టుకుని ఒడ్డున నిలబడింది. ఆమె చీరకొంగు పట్టుకుని ఎల్లాజీ నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా గంగమ్మ తల్లిని వేడుకుంది. ఆ తర్వాత వేడుకోలు తిట్లయింది. "మింగింది కక్కు! నా మనిషిని నాకియ్యి!" అని గాలిని మించి అరిచింది. సాయంత్రమయ్యేసరికి ఆమెకి ఇంకో మాట రావడం లేదు, ఆ రెండే అరుస్తోంది. నరసయ్య పడవ భీమిలి వైపు కొట్టుకుపోయి అక్కడెక్కడో ఒడ్డెక్కింది. అతను ఇసుకలో నడుచుకుంటూ ఇంటికొస్తూ, పెళ్లాం సముద్రాన్ని తిట్టడం చూసి, వెనకాల నిలబడి కాసేపు విన్నాడు. "ఎవర్నే అలా తిడతన్నావు?" అన్నాడు. కాసులమ్మ వెనక్కి తిరిగి, చంకలో గంప తీసి అతని నెత్తిన బోర్లించింది. ఆ తర్వాతే ఏడ్చింది.

మర్నాడు గంగమ్మ గుడికి వెళ్లి, తల్లిని తిట్టినందుకు లెంపలేసుకుని, ఆ మాటలు ఇంకెప్పుడూ తమ ఇంట్లో ఎవరి నోటా రాకూడదని మొగుడిచేతా కొడుకుచేతా ఒట్టు వేయించింది. ఎల్లాజీ ఆల్బమ్‌కి రాసిన మొదటి పాటలో ఉన్నవి ఆ మాటలే. అతని గొంతులో పడితే అవి ఎవరికీ తెలియవు. స్వరాజ్యం నోట పడితే ఊరంతటికీ తెలుస్తాయి.

ఆదివారం కాసులమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. మా అందరికీ వేయించిన చేపముక్కలు డబ్బాలో తెచ్చింది. మాస్టారు ఆమెకి కుర్చీ వేశారు. ముందు ఎల్లాజీ ఒక్కడి గొంతుతో రికార్డు చేసిన ఆ మొదటి పాటే వినిపించారు. ఆమె తలూపుతూ మర్యాదగా విన్నది. అయ్యాక, బాగుంది గానీ వాడి పొట్టలో ఏమైనా నొప్పిగా ఉందేమోనని మాస్టారిని మెల్లగా అడిగింది. మేం నవ్వాపుకున్నాం. ఎల్లాజీ నేలచూపులు చూస్తున్నాడు.

తర్వాత ఎల్లాజీనీ స్వరాజ్యాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి, రికార్డింగు పెట్టి, అదే పాట వాయించమన్నారు. కాగితం మీద మాటలు స్వరాజ్యానికి ఇచ్చేటప్పుడు ఎల్లాజీ చెయ్యి కాస్త ఆగింది. అయినా ఇచ్చాడు. డ్రమ్ములు లేచాయి. ఎల్లాజీ అడుగున అందుకున్నాడు. గది నేలంతా గుర్రుమంది. దాని మీద స్వరాజ్యం కేక పడింది.

"మింగింది కక్కు! నా మనిషిని నాకియ్యి!"

కాసులమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎల్లాజీ ఆమెని చూశాడు, అయినా పాట ఆపలేదు. కళ్లు మూసుకుని ఇంకా అడుక్కి దిగాడు. అతను దిగినకొద్దీ స్వరాజ్యం పైకి లేచింది. ఇన్నేళ్లలో అతను అలా పాడగా నేను వినలేదు. పాట అయిపోయింది. అతను తల్లి దగ్గరికి వెళ్లి ఒట్టు తప్పానన్నాడు.

ఆమె ఆ మాట వినిపించుకోనట్టే ఉంది. మైకుల వైపు చూస్తోంది.

"అడుగున గుర్రుమంటన్నాది సంద్రం కదేట్రా" అంది. "అలాగే ఉంది ఆవేళ. దాని మీద అరస్తన్నాది నాను."

స్వరాజ్యం వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కాసులమ్మ ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది.

"నా గొంతు నీకెక్కడిదే? బాగా తిట్టావు. గంగమ్మకి అప్పుడే తప్పు సెప్పుకున్నాను, ఆ తల్లి ఎప్పుడో మరిసిపోయుంటాది." కొడుకు వైపు తిరిగింది. "మరి గంప సంగతి రాయలేదేటిరా? మీ నాన్నని వదిలేశావా?"

అని, తనే ముందు నవ్వింది. ఆ నవ్వుకి ఎల్లాజీ కూడా నవ్వడం మొదలుపెట్టాడు, కళ్లు తుడుచుకుంటూ. మాస్టారి భుజాలు కదులుతున్నాయి. రికార్డింగు ఆపాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆల్బమ్‌లో ఆ పాట చివర ఇప్పటికీ ఒకావిడ నవ్వు వినిపిస్తుంది. ఇంకోపాలి ఎయ్యమని ఆమె అడిగితే వేశాం. మళ్లీ అడిగితే మళ్లీ వేశాం. ఆ మధ్యలోనే చేపముక్కలు అయిపోయాయి.

ఆమెని బస్సెక్కించడానికి స్వరాజ్యం వెళ్లింది. మేం తీగలు చుట్టుకుంటున్నాం. ఎల్లాజీ ఇంకా మైకు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఇంతకీ నాది తగ్గిందా మాస్టారూ?"

మాస్టారు డ్రమ్ముల మీద గుడ్డ కప్పుతూ అన్నారు: "మీ అమ్మకి సముద్రం ఎప్పుడు వినబడిందిరా, మొదట నువ్వొక్కడివే పాడినప్పుడా, తర్వాత ఆ అమ్మాయి కలిసినప్పుడా?"