పొడుగు రాజుగారి కొత్త రథం

రామచంద్రుడి దయవల్ల అందరూ చేరారు కదా, ఇక వినండి. వెనకటికి తాటిచెట్టంత పొడుగు రాజుగారొకరు, తాతగారి రథాన్ని అచ్చుగుద్దినట్టు ఇంకోటి చేయమని వడ్రంగి సుపర్ణాచారిని పిలిపించారు.

"కప్పు పాతదానికంటే వెంట్రుకవాసి లేచినా, పాతదాంట్లోలా నా కిరీటం దానికి తగిలినా నిన్ను ఊళ్లోంచి వెళ్ళగొడతాను," అన్నారు.

కొత్త రథంలో కూర్చుంటే కిరీటం కప్పుకు తగల్లేదు. కప్పు కొలిపిస్తే పాత ఎత్తే. కిందికి చూస్తే అడుగుపలకా, పీటా జానెడు కిందికి దిగి ఉన్నాయి.

"ఇదేమిటోయ్ ఆచారీ, నన్ను దించేశావు?"

"కప్పు లేవకూడదన్నారు. వంగమని తమరితో అనే ధైర్యం నాకు లేదు. ఇక నా మాట వినేది అడుగుపలక ఒక్కటే కదా ప్రభూ."

రాజుగారు నవ్వాపుకుంటూ పగ్గాలందుకున్నారు.