రెండో పంపు

పురుషోత్తమం మాస్టారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు అడిగినవాడి ముఖం కాసేపు చూస్తారు. ప్రశ్న పుస్తకంలోంచి వచ్చిందని తోస్తే పుస్తకంలోంచే జవాబు చెబుతారు. బతుకులోంచి వచ్చిందని తోస్తే ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. విజయనగరంలో ఆయన ఇంటి ముందుగదిలో ఆదివారాలు తర్కం చెప్పించుకునే నలుగురైదుగురిలో సంస్కృతం వచ్చినవాళ్లు తక్కువ, కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్లే ఎక్కువ. లోకంలో ఉన్నవి ఎన్ని రకాలు, ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం ఎలాంటిది అని పూర్వులు తరాల తరబడి వాదించుకున్న సంగతులు ఇప్పుడు వాళ్ల ఉద్యోగాలకు పనికొస్తున్నాయి. వాళ్లు దాన్ని ఆంటాలజీ అంటారు. మాస్టారు పదార్థ విభాగం అంటారు.

ఆ రోజు అడిగినవాడు ప్రద్యుమ్న. కంపెనీల వ్యవహారమంతా నమూనాగా కట్టి, అవి చట్టాన్నీ నియమాన్నీ తప్పకుండా కాపలా కాసే వ్యవస్థలు తయారుచెయ్యడం అతని పని.

"మాస్టారూ, ఒక ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి యంత్రాన్నీ, ప్రతి మనిషినీ, ప్రతి నియమాన్నీ నమూనాలోకి ఎక్కించామనుకోండి. నియమం తప్పిన క్షణమే అది కనిపెడుతుంది. కనిపెట్టిన క్షణమే చెబుతుంది. దానికి మరుపు లేదు, మొహమాటం లేదు. ఇంక ప్రమాదానికి చోటెక్కడుందండీ?"

మాస్టారు అతని ముఖం చూశారు. చాలాసేపే చూశారు.

"వకుళ అని నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతె ఉండేది," అన్నారు. తరవాత ఆయన చెప్పిన సంగతి ఇది.

వకుళ చదువు ముగించి, సముద్రం ఒడ్డున మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరింది. నమూనా కట్టే పని ఆమెకే అప్పగించారు. నెలల తరబడి నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగింది. కనపడ్డవాళ్లనల్లా ప్రశ్నలడిగింది. ట్యాంకు అని దేన్నంటారు, డ్రమ్ము అని దేన్నంటారు, వాల్వు పాడైతే ఎవరికి చెబుతారు, ఆయన లేకపోతే ఎవరికి. మొదట్లో జనం నవ్వుకున్నారు. తరవాత్తరవాత ఆమె వస్తుంటే వాళ్లే పిలిచి చెప్పడం మొదలుపెట్టారు.

అలా పిలిచినవాళ్లలో సూరన్న ఒకడు. రసాయనాలు కలిపి వేడిచేసే పెద్ద రియాక్టర్ నడిపే ఆపరేటరు. మీసం నెరిసిన మనిషి. నోరు ఊరుకోదు. ఏదైనా పాడైతే బాగుచేసేదాకా మెట్లెక్కి పై ఆఫీసుకు పోయి సణుగుతూనే ఉంటాడని అతనికి పేరు. ఆ రియాక్టర్‌లోంచి వచ్చే విషపుగాలిని నీళ్లతో కడిగి బయటికి వదిలే గోపురం ఒకటి పక్కనే ఉంటుంది. దాన్ని స్క్రబ్బర్ అంటారు. దానికి నీళ్లు తోడడానికి రెండు పంపులు. ఒకటి నడుస్తుంటే ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. రెండో పంపు లేకుండా రియాక్టర్ నడపకూడదని నియమం. ఇవన్నీ వకుళకు చూపించినవాడు సూరన్నే.

ఒకరోజు ఆమె తెరమీద గీతలూ గడులూ చూపిస్తుంటే అతను తొంగిచూశాడు.

"ఏటమ్మా, నానుకూడా ఉన్నానేటి ఇందులో?"

ఆమె చూపించింది. ఒక గడిలో అతని పేరు. అందులోంచి ఒక గీత రియాక్టర్‌కీ, ఒక గీత పంపులకీ. సూరన్న వేలితో తెరను ముట్టుకోబోయి, చేతికి గ్రీజు ఉందని ఆగిపోయాడు.

వకుళ కట్టిన నమూనాకు తక్కిన నమూనాలకు రాని విద్య ఒకటుంది. ఉన్నదాన్ని గుర్తించడం ఏ యంత్రానికైనా తేలిక. ఉండవలసినది లేకపోతే ఆ లేకపోవడాన్ని గుర్తించడమే కష్టం. కుండ ఉన్నట్టే, కుండ లేకపోవడం కూడా తెలుసుకోదగిన ఒక పదార్థమేనని మాస్టారి దగ్గర విన్న పాఠం ఆమె మరిచిపోలేదు. నమూనాలో అభావానికి, అంటే ఆ లేకపోవడానికి కూడా ఒక స్థానం కల్పించింది. నడపడం మొదలుపెట్టిన వారంలోనే అది ఎవరూ గమనించని లోపాలను బయటపెట్టింది. మంట ఆర్పే గొట్టానికి మూత లేదు. ఒక నిచ్చెనకు మెట్టు లేదు. లోపం కనపడగానే బాధ్యుడికి నోటీసు పోతుంది, నకలు ఫ్యాక్టరీల భద్రత చూసే పర్యవేక్షణ కార్యాలయానికి పోతుంది, బాధ్యుడు గడువులోగా సమాధానం ఇవ్వాలి. ఇవన్నీ అందరికీ కనపడేటట్టు గోడమీద ఒక బోర్డు పెట్టారు; సమాధానం వస్తే అందులో ఆ గడి ఎరుపు పోయి ఆకుపచ్చ అవుతుంది. మేనేజరు ఆమెను పిలిచి అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఆ బోర్డు పెట్టిన కొత్తలో సూరన్న అడిగాడు. "పచ్చగుంటే ఏటన్నట్టమ్మా?"

"పచ్చగా ఉందంటే ఎవరో చూసుకుంటున్నట్టే సూరన్నా. ఇక నువ్వు మెట్లెక్కి పోయి ఎవరితోనూ గొడవపడక్కర్లేదు."

"అయితే నా మోకాళ్లు బతికిపోనాయి," అన్నాడతను.

నోటీసులు పెరిగాయి. నమూనా మనిషిలా అలిసిపోదు కదా. నిన్న చెప్పినదైనా ఇవాళ కూడా లోపం ఉంటే ఇవాళ కూడా చెబుతుంది. మరమ్మతుల విభాగం పెద్ద దామోదరం గారు ఒకరోజు వకుళ బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున్న వచ్చినవాడు చీకటిపడ్డాక గానీ ఇంటికి పోడు.

"అమ్మా, నాకు పనిచెయ్యడానికి టైము చాలడం లేదు, జవాబులు రాయడానికే సరిపోతోంది. స్క్రబ్బర్ రెండో పంపు మరమ్మతుకు పట్నం పంపించాను. ఆ సంగతి రాశాను. మర్నాడు మళ్లీ అడిగింది, మళ్లీ రాశాను. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. అది అదే రాసుకోలేదా?"

ఆమెకు న్యాయంగానే తోచింది. ఒకసారి మనిషి ఇచ్చిన సమాధానం, పరిస్థితి మారనంతకాలం, దానంతటదే మళ్లీ వెళ్లేటట్టు ఏర్పాటు చేసింది. పట్నంలో ఆ పంపుకు కావలసిన విడిభాగం దొరకలేదు. పంపు రాలేదు. నమూనా ప్రతి పొద్దునా రెండో పంపు లేదని కనిపెట్టింది. ప్రతి పొద్దునా నోటీసు పంపింది. మరమ్మతులో ఉన్నదని సమాధానం దానంతటదే పోయింది. పర్యవేక్షణ కార్యాలయంలోనూ అలాంటి యంత్రమే ఉంది. అందినది అని అదీ తిరుగుజవాబు పంపింది. ఉద్యోగులు టీ తాగి సీట్లలో కూర్చునేసరికి బోర్డు పచ్చగా ఉండేది. ఎండాకాలం అలాగే గడిచింది. వానలు మొదలయ్యాయి.

ఒక మిట్టమధ్యాహ్నం, వాన కురుస్తుండగా, నడుస్తున్న పంపు ఆగిపోయింది. సిద్ధంగా ఉండవలసినది లేదు. కడగని గాలి గోపురం దాటి కిందికి దిగింది. సూరన్న తనతో ఉన్న కుర్రాళ్లను బయటికి నెట్టి, రియాక్టర్ ఆపడానికి లోపలికి వెళ్లాడు. ఆపాడు. బయటికి మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున వకుళ తన బల్ల దగ్గర కూర్చుని ఏంచెయ్యాలో తోచక తెర తెరిచింది. జీతాల విభాగం సూరన్న పేరు అప్పటికే తీసేసింది. నమూనా తన పని తాను చేసింది. రియాక్టర్ దగ్గర ఉండవలసిన ఆపరేటరు లేడని కనిపెట్టింది. నోటీసు పంపింది. ఆపరేటరు ఖాళీ అన్నది దానికి కొత్త పరిస్థితి కాదు గనక, ఖాళీల భర్తీ పరిశీలనలో ఉన్నదని ఎప్పుడో ఎవరో ఇచ్చిన సమాధానం దానంతటదే పోయింది. ఆమె చూస్తుండగానే ఆ గడి ఎర్రబడి మళ్లీ పచ్చబడింది. వకుళ లేచి వెళ్లి స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

విచారణకు కమిటీ వచ్చింది. దాని పెద్ద, రిటైరైన ఒక అధికారి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. రెండో పంపు లేదని ఎవరికి తెలుసని అడిగాడు. సిస్టమ్‌లో ఉందండీ అన్నారు దామోదరం గారు. సిస్టమ్‌లో ఉందండీ అన్నాడు మేనేజరు. మాకు అందిందనే ఉందండీ అన్నారు పర్యవేక్షణ కార్యాలయం వాళ్లు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆఖరికి వకుళను పిలిచారు.

"మీ నమూనా దీన్ని కనిపెట్టలేకపోయిందా?"

"కనిపెట్టిందండీ. మొదటి రోజే కనిపెట్టింది. ప్రతి రోజూ చెప్పింది."

"ఎవరితో?"

ఆమె నోటీసుల జాబితా తీసి ఆయన ముందు పెట్టింది.

తరవాత తనకు తానుగా వెతకడం మొదలుపెట్టింది. ఆ వేసవి అంతటిలో ఒక్క మనిషైనా ఆ నోటీసు తెరిచి చదివి ఉంటాడేమోనని చూసింది. చదివి పక్కన పెట్టినవాడు ఒక్కడు దొరికినా చాలనుకుంది. వాడిమీద కోప్పడవచ్చు. వాడు తప్పుచేశాడని సూరన్న ఇంటికి పోయి చెప్పవచ్చు. దామోదరం గారు తానే జవాబు రాసిన ఆ మొదటి కొద్ది రోజులూ చదివారు. పంపు వారంలో వస్తుందని ఆయన అప్పుడు నమ్మారు. ఆ పైన ఎవరూ లేరు. కట్టిన తాను కూడా ఆ గడిని తెరిచి చూడలేదు. పచ్చగా ఉంది గనక.

సూరన్న ఇల్లు ఫ్యాక్టరీకి దగ్గరలోనే, చేపలు ఎండబెట్టే చోటు దాటితే వస్తుంది. వకుళ వెళ్లేసరికి అతని భార్య పైడమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. లేవబోయింది. వకుళ వద్దని పక్కన కూర్చుంది. కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

"రెండో పంపు నేదని ఆడు ఇంటికాడ సెప్పినాడమ్మా," అంది పైడమ్మ. "మరి పైకి పోయి అడగరాదా అన్నాను. పైవోళ్లకి తెల్సు, బోర్డు పచ్చగుంది, ఆలే సూసుకుంటన్నారు అన్నాడు. నువ్వు సదూకున్నదానివి. నీకు తెల్సుంటాది. నిజంగా ఆలకి తెల్సా, తెల్దా?"

తెలుసంటే ఎవరికని అడుగుతుంది. ఆ పేరు వకుళ దగ్గర లేదు. తెలియదంటే, నమూనా ప్రతి పొద్దునా తప్పకుండా చెప్పినదాన్ని తానే అబద్ధం చేసినట్టు. పైడమ్మ ఆమె వైపే చూస్తూ ఉంది. ఆ చూపులో కోపం కూడా లేదు. అవునో కాదో తెలిస్తే ఆ మాట పట్టుకుని బతుకుదామన్నట్టు ఉంది. వకుళ ఆమె చెయ్యి పట్టుకుంది. కాసేపటికి పైడమ్మ చెయ్యి తీసేసుకుని, "వానొచ్చేలా గుంది, ఎల్లిపోమ్మా," అంది.

అక్కణ్ణించి ఆమె తిన్నగా బస్సెక్కి మాస్టారి దగ్గరకు వచ్చింది. తడిసిపోయి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"జ్ఞానం ఒక గుణమని చెప్పారు మీరు. గుణం దేన్నో ఒకదాన్ని ఆశ్రయించి ఉండాలని, ఊరికే గాలిలో ఉండదని చెప్పారు. పంపు లేదన్న జ్ఞానం ఉంది మాస్టారూ. రోజూ పుట్టింది. అది ఎవరిలో ఉన్నట్టు?"

"తల తుడుచుకోమని తువ్వాలు మాత్రం ఇవ్వగలిగాను," అన్నారు మాస్టారు.

కమిటీ కొన్ని సూచనలు చేసింది. నోటీసు చదివినట్టు సంబంధిత అధికారి స్వయంగా ధ్రువీకరించాలని వాటిలో ఒకటి. దాన్ని నమూనాలోకి ఎక్కించే పని మళ్లీ వకుళకే వచ్చింది. ఎక్కించింది. కొత్త పంపులు రెండూ వచ్చాయి. దామోదరం గారిని ఇంకో ఫ్యాక్టరీకి మార్చారు. ఆయన స్థానంలో వచ్చినవాడు చురుకైనవాడు. కొన్నాళ్లకు అతను ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. రోజూ ఇన్ని ధ్రువీకరణలు నొక్కలేక చస్తున్నామని, అన్నింటికీ కలిపి ఒకేసారి నొక్కే వీలుంటే చూడమని మర్యాదగానే అడిగాడు. వకుళ ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చింది. ఆ వీలు కల్పించడానికి ఆమె స్థానంలో ఇంకొకరు వచ్చారు.

మాస్టారు చెప్పడం ఆపారు. ప్రద్యుమ్న మెల్లగా అన్నాడు.

"మాది అలా కాదండీ. మా దాంట్లో జవాబు దానంతటది వెళ్లదు. గడువు దాటితే పై అధికారికి వెళ్తుంది. అక్కడా దాటితే ఇంకా పైకి వెళ్తుంది."

మాస్టారు తల ఊపారు.

"వెళ్తుంది, సరే. వెళ్లాక నిద్ర పట్టనిది ఎవరికి?" అన్నారు.