అద్దుడు కాగితం

"పెట్టెకి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి మెళ్ళో గొలుసుకే ఉంది. అయినా పెట్టెలో దాచిన సంగతి ఊరంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పండి చూద్దాం."

హైమవతమ్మ ఇలా అడిగి, మైదా జిగురు వేలికొసతో తీసి అట్ట అంచుకు రాయసాగింది. మనవరాళ్ళిద్దరూ ఎదురుగా చాప మీద కూర్చున్నారు. బళ్ళు తెరిచే రోజులు. చిన్నది ప్రణతి ఏడో తరగతి పుస్తకాలు ఆవిడ పక్కన దొంతరగా ఉన్నాయి.

ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన ఆవిడకు ఇదొక అలవాటు. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబివ్వదు. తిరిగి ఇంకో ప్రశ్న వేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో జరిగిన ముచ్చట ఒకటి చెబుతుంది. అందులోంచి కావలసింది ఎవరికి వాళ్ళే ఏరుకోవాలి. చిన్నప్పుడు పెద్ద మనవరాలు లాస్యకు ఇది సరదాగా ఉండేది. ఈరోజు మాత్రం ఒళ్ళు మండింది. తను అడిగింది పెట్టె గురించి కాదు, ఫోను గురించి.

లాస్య ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వేసుకుంటే ఏమీ ఉండదు. ఆ సంగతి కాలేజీ మొత్తంలో ఒక్క నౌషీన్‌కే తెలుసు. ఒకే గదిలో ఉండే పిల్ల కదా, తెలిసి ఉండాలని తనే మెసేజిలో చెప్పింది. పది రోజులు తిరక్కుండా ల్యాబులో బర్నరు దగ్గర నిలబడితే వెనకనుంచి ఎవరో "ఆ అమ్మాయిని మంట దగ్గరికి రానీకండ్రా బాబూ" అన్నారు. నలుగురు నవ్వారు. అప్పటినుంచి ఏ మాత్ర వేసుకుందో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళిందో, అన్నీ తెలిసిపోతున్నాయి. ఫోను లాకు మూడుసార్లు మార్చింది. లాభం లేకపోయింది. ఇక మిగిలింది నౌషీన్ ఒక్కతే. 'నాతో మాట్లాడకు. నేను గది మారుతున్నాను' అని మెసేజి రాసి పెట్టుకుంది. పంపడమే తరువాయి.

"ఫోనులోంచి మాటలు బయటికి పోకుండా ఏం చెయ్యాలో చెప్పు అమ్మమ్మా చాలు. మనుషుల సంగతి నేను చూసుకుంటాను" అని కూడా అంది లాస్య.

"పెట్టెకి కన్నం ఉందేమో" అంది ప్రణతి. "ఎలుక దూరింది."

"ఎలుకకి తెలుగు చదవడం వచ్చిందటే?" అని హైమవతమ్మ ముచ్చటలోకి దిగింది.

అప్పటికి ఆవిడకు ఇరవై మూడేళ్ళు. మొదటి ఉద్యోగం. పలకలు చేసే ఊరు. కిటికీ అంచున వేలు పెడితే నల్లటి పొడి అంటేది, పిల్లలు అంచు విరిగిన పలకలు చౌకగా కొనుక్కుని బడికి వచ్చేవాళ్ళు. సీతారత్నమ్మగారనే ఆవిడ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుని, లెక్కల టీచరు కృపావతితో కలిసి ఉండేది. ఇద్దరికీ ఒకటే గొడుగు, ఒకటే కిరసనాయిలు స్టవ్వు. కృపావతికి అన్నింట్లోనూ లెక్కే. వంకాయ కోసినా సమద్విఖండన చేసినట్టు కోసేది. "నీ పద్యాలకు అర్థం ఎన్నిరకాలుగానైనా చెప్పొచ్చు హైమా, నా లెక్కకు ఒకటే జవాబు" అని ఏడిపించేది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళి వస్తూ రుమాల్లో రెండు బిస్కట్లు కట్టి తెచ్చేది. ఒకటి తనకు, ఒకటి హైమకు. ఈ మాట చెప్పేటప్పుడు హైమవతమ్మ చేతిలో అట్ట కాసేపు కదల్లేదు.

చుట్టుపక్కల మూడు బళ్ళకు అర్ధసంవత్సరపు తెలుగు ప్రశ్నపత్రం హైమవతే రాయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఇంకుపెన్నుతో రాసి, కవరులో పెట్టి, ట్రంకుపెట్టెలో దాచి తాళం వేసుకునేది. కృపావతికి కూడా చూపించలేదు. ఆమె అడగనూ లేదు.

సీతారత్నమ్మగారు బంగారంలాంటి మనిషి. కాదు, అలా కనిపించేది. ఇంకు ఆరక అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఒకసారి హైమ విసుక్కుంటే, మర్నాడే తమ్ముడి చేత ఒక వస్తువు తెప్పించి ఇచ్చింది. సగం చందమామలాంటి చెక్క, పైన పట్టుకోవడానికి పిడి, అడుగున బిగించిన అద్దుడు కాగితం. రాసిన వరస మీద ఒక్కసారి ఊపితే తడి ఇంకు పీల్చేసేది. హైమ ఎంత మురిసిపోయిందో. పైగా సీతారత్నమ్మగారు రోజూ సాయంత్రం వచ్చి, "మాసిన కాగితం మీకెందుకు పంతులమ్మగారూ, నేను మారుస్తాను, మీరు రాసుకోండి" అని హైమ చేతిలోంచి చెక్క అందుకుని, పాతది తీసి కొత్తది తొడిగి వెళ్ళేది.

"ఎంత మంచావిడ" అంది ప్రణతి.

"నేనూ అదే అన్నాను."

పరీక్ష ముందురోజు పిల్లలంతా బడి వెనక చేరి ప్రతిపదార్థాలు వల్లెవేస్తున్నారు. సరిగ్గా హైమవతి ప్రశ్నపత్రంలో ఇచ్చిన పద్యానికే. పెద్దటీచరుగారు పిలిపించి అడిగారు. హైమవతి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంటికి రాగానే సీతారత్నమ్మగారు మంచినీళ్ళిచ్చి, "ఏమోనమ్మా, నేనేం చూడలేదు. ఆ గదిలో మీరు కాక ఉండేది ఒక్క మనిషేగా" అంది. మర్నాడు పెద్దటీచరుగారి ముందు హైమవతి ఆ మాటే అప్పజెప్పింది. "గదిలో నేను, కృపావతి తప్ప ఎవరూ ఉండరండీ."

"నిజమేగా" అంది లాస్య.

"నిజమే. అక్షరం పొల్లుపోలేదు. ఆ నిజంతోనే దాని ఉద్యోగం పోయింది."

కృపావతిదీ తాత్కాలికపు పోస్టే. వారంలో, పనిలోంచి తీసేసినట్టు కాగితం చేతికిచ్చారు. బస్సు దాకా హైమవతి వెళ్ళలేదు, గుమ్మంలోనే నిలబడింది. కృపావతి ట్రంకు ఎత్తుకుని, ఒక్క మాట అని మెట్లు దిగింది: "లెక్కలో తెలియని రాశి ఇంకా ఉంది హైమా. అది తేలకముందే దాని జాగాలో నా పేరు రాసేశావు."

గొడుగు హైమకే వదిలేసి వెళ్ళింది. ఆ రోజు వాన.

ఏప్రిల్లో మళ్ళీ ప్రశ్నపత్రం రాయవలసి వచ్చింది. ఇప్పుడు గదిలో హైమవతి ఒక్కతే. రాసింది, అద్దింది, పెట్టెలో పెట్టి రెండు తాళాలు వేసింది. బడికి వేళవుతోందని గోడ అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకోబోయింది. అద్దంలో తన భుజం వెనక, బల్ల మీద, ఆ చెక్క వెల్లకిలా పడి ఉంది. మామూలుగా చూస్తే దాని మీద ఉండేవి ఏ దేశపు లిపో తెలియని గీతలు. అద్దంలో మాత్రం తన చేతిరాత, తలకట్లతో సహా. 'ఈ క్రింది పద్యమునకు ప్రతిపదార్థము వ్రాయుము.'

చేతిలో కుంకుమ చేతిలోనే ఉంది.

హైమవతమ్మ తరగతిలో చెప్పినట్టు నెమ్మదిగా విడమరిచి చెప్పింది: "కాగితం రోజూ ఎందుకు మార్చాలే? ఒకే కాగితం మీద పది రోజులు అద్దితే అక్షరాల మీద అక్షరాలు పడి చదవడానికి వీలుండదు. రోజుకొకటైతే శుభ్రంగా ఉంటుంది. ఆవిడ తమ్ముడు ట్యూషన్లు చెప్పేవాడు. ముఖ్యమైన ప్రశ్నలు చెబుతాడని పేరు."

"నువ్వు ఆ కాగితం చింపేశావా?" అంది ప్రణతి.

"చింపితే నా మాట ఎవరు నమ్ముతారు? చెక్కతో సహా చీరకొంగులో చుట్టుకుని పెద్దటీచరుగారి దగ్గరికి పట్టుకెళ్ళాను. వాళ్ళ గదిలో అద్దం లేకపోతే ఆయాను పంపించి తెప్పించాను. సీతారత్నమ్మగారిని పిలిపించి అడిగితే, ఆవిడ కళ్ళలో బెదురు లేదు. 'చిత్తుకాగితం తీసుకోవడం కూడా తప్పేనా అమ్మా? ఆవిడే రోజూ నా చేతికిచ్చింది' అంది. అవునే మరి, నేనే ఇచ్చాను."

హైమవతమ్మ జిగురుగిన్నె పక్కకు జరిపి, చాప మీద వెలుగుతూ ఉన్న ఫోను వైపు గడ్డంతో చూపించింది.

"నీ దానికి కాగితం ఎవరు మారుస్తున్నారే?"

మొదట ఎవరూ లేరంది లాస్య. తర్వాత గుర్తొచ్చింది. ప్రతి శుక్రవారం క్యాంటీనులో అభిలాష్. ఒక ఏడాది సీనియరు. "నీ ఫోను నత్తలా ఉందేంటి, ఇటివ్వు, చెత్తంతా తీసేస్తా" అని తీసుకుంటాడు. టీ తాగేలోపు తిరిగి ఇస్తాడు. మొదటిసారి ఏదో క్లీనర్ వేశానన్నాడు, వేగంగా పనిచేస్తుందని. లాకు మార్చిన ప్రతిసారీ కొత్త నంబరు తనే చెప్పింది, తెరవడానికి. ల్యాబు సంగతి జరిగిన రోజున ఏడుస్తూ చెబితే అతనే అన్నాడు: "ఫోనుదేముంది, పక్క మంచం మీద పడుకునేవాళ్ళని అడుగు."

"వేడెక్కుతోందా అది?" అంది ప్రణతి. "పొద్దున్నే చార్జి పెడితే మధ్యాహ్నానికే అయిపోతోందన్నావుగా." పన్నెండేళ్ళ పిల్ల ఫోను అందుకుని సెట్టింగుల్లోకి వెళ్ళి, యాప్‌ల వరస కిందికి జరుపుకుంటూ పోయింది. ముందు తెర మీద ఎక్కడా బొమ్మ లేని క్లీనర్ ఒకటి అక్కడ కనబడింది. దానికి ఇచ్చిన అనుమతులు చదివింది. మెసేజిలు. మైకు. ఉన్న చోటు. తెర మీద కనిపించేదంతా చదవడం. "చెత్త ఊడవడానికి మైకెందుకే అక్కా?"

లాస్య ఫోను లాక్కుని ఆ క్లీనర్‌ను అప్పుడే తీసిపారెయ్యబోయింది. హైమవతమ్మ జిగురు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఆ కాగితం ఇప్పుడే చింపకు. నా ఫోనుతో దాన్ని ఫొటోలు తీయండి, అన్నీ కనపడేట్టు. సోమవారం నేనూ వస్తాను, మీ ప్రిన్సిపాల్‌గారికి అద్దంలో చూపిద్దాం. ఆ తర్వాత మొత్తం తుడిచేసి, మళ్ళీ మొదటినుంచి నీ చేత్తో నువ్వే పెట్టుకో. కొత్త లాకు ఎవరికీ చెప్పకు, నాకూ చెప్పకు. ఏదైనా అనుమతి అడిగితే, ఎందుకని ఒక్కసారి అడుగు. నేను అడగలేదు."

లాస్య తల వంచుకుంది. "కృపావతిగారు ఏమన్నారు? నువ్వు చెప్పావా?" అంది.

"చిరునామా పట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. జరిగిందంతా రాసి, అద్దుడు కాగితం ముక్క కూడా కవరులో పెట్టి పంపాను."

"జవాబొచ్చిందా?"

"కార్డు. దాని గుండ్రటి అంకెల్లాంటి అక్షరాలతో ఒకటే వరస." హైమవతమ్మ కిటికీలోకి చూసింది. "'జవాబు సరైనదే. గంట కొట్టాక ఇచ్చావు.'"

లాస్య రాసిపెట్టుకున్న మెసేజి వైపు చూసి, ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకోబోతుంటే అమ్మమ్మ తన ఫోను చేతికిచ్చింది.

"అందులో కాదు, ఇందులో చెయ్యి. నంబరు గుర్తుందా?"

"ఒక్కటే గుర్తుంది అమ్మమ్మా" అంది లాస్య. "నాకు ఫిట్స్ వస్తే ఫోను దొరక్కపోవచ్చని కూర్చోబెట్టి బట్టీ పట్టించింది నౌషీన్."

హైమవతమ్మ పుస్తకాల దొంతర వైపు తిరిగింది. అట్ట వెయ్యని పుస్తకం ఒక్కటే మిగిలింది, లెక్కలది. దాన్నీ, జిగురుగిన్నెనూ తీసుకుని, మోకాలి మీద చెయ్యి ఊని లేచి, వెలుతురు బాగున్న వసారా వైపు నడిచింది. వెళుతూ వెళుతూ, ఎవరితోనూ కాదన్నట్టుగా అంది:

"తొందరగా కానివ్వండమ్మా. జిగురు ఆరిపోయిందంటే మళ్ళీ అంటుకోదు."