చిన్నాలు పట్టిన తాడు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, మంచుకు దిగే దారే తప్ప ఎక్కే దారి తెలియని రోజుల్లో, ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో చిన్నాలు అనే ఆవిడ ఉండేది. ఆమెకు చేను లేదు. పరాయి చేలకు కావలి కాసేది.

ఆ ఊరికి ఏడాదిలో మూడు నెలలు ఎండ కనపడదు. మంచు దిగివచ్చి గడపల ముందు ఆవుల్లా పడుకునేది. పొయ్యిలోకి కట్టె ఉండేది కాదు. దగ్గరి అడవి తాతల నాడే అయిపోయింది. చలికి ప్రతి ఏడూ ముగ్గురు పోయేవారు. ఒక ఏడు ఆ ముగ్గురిలో చిన్నాలు కూతురు కూడా ఉంది. చిన్నాలు ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మంచె ఎక్కింది. చిలకలు ఎవరి కోసమూ ఆగవు కదా.

చేను పొడుగునా ఆమె ఒక తాడు కట్టి, దానికి వెదురు చెక్కలు వేలాడదీసింది. తాడుకు ఒక బరువు రాయి. తాడు పట్టుకున్నంతసేపూ రాయి పైన ఉంటుంది. వదిలితే రాయి పడుతుంది, చెక్కలన్నీ టకటకమంటాయి. ఒక మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. చెయ్యి సడలింది. టకటక. చిలకలూ లేచాయి, చిన్నాలూ లేచింది.

"నేను పడుకున్నా కావలి పడుకోలేదు" అనుకుంది. ఆ మాట కొంగున ముడేసుకుంది.

ఆ చలికాలమే వాగు వెంట పోతుంటే మంచు వాలని చోటు ఒకటి కనపడింది. అక్కడ మూడు నల్లరాళ్ళు దూరం దూరంగా పడి ఉన్నాయి. ఒకదాన్ని తాకి చూసింది. పొదిగే కోడి పొట్టలా గోరువెచ్చగా ఉంది. దాని పక్కకు ఇంకోటి జరిపింది. గంజి వార్చిన కుండలా వేడెక్కింది. మూడోదాన్ని కర్రతో దొర్లించింది. చుట్టూ గడ్డి మంట లేకుండానే తెల్లగా మాడిపోయింది. వాగునీళ్ళు అడుగు నుంచి నీలంగా వెలిగాయి, సాయంకాలం ఆకాశం ఒకటి నీళ్ళలో మునిగి ఉన్నట్టు. చిన్నాలు ఆ వెలుగు చూస్తూ ఉండిపోలేదు. కర్రతో మూడో రాయిని వెనక్కి తోసింది.

ఒకటైతే వెచ్చన, రెండైతే వేడి, మూడైతే ముప్పు.

ఇంకొకరైతే ఆ రాళ్ళు ఇంటికి మోసుకొచ్చేవారు. చిన్నాలు వట్టి చేతులతో వచ్చింది. ఆ రాళ్ళ వేడిని ఆపే దారి మూడేళ్ళు వెతికింది.

ఆమెను అక్కలా 'అప్పా' అని పిలిచే తోడికోడలు ఎర్రెమ్మ నోరున్న మనిషి. "లోకమంతా నిప్పు రాజెయ్యడం నేర్చుకుంటే, నువ్వు ఆర్పడం నేర్చుకుంటావేటే అప్పా?" అంది.

"రాజుకోవడం రాయికే వచ్చు. ఆరడం దానికి రాదు. అందుకే నేను నేర్చుకుంటున్నాను."

రాళ్ళ మధ్య చెక్క పలక పెట్టి చూసింది. బూడిదైంది. బండపలక పెట్టింది. పగిలింది. చివరికి వాగు మలుపులోని నల్లమట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కి, పలక చేసి కాల్చి పెట్టింది. రాళ్ళు పాలు తాగిన పిల్లల్లా నిద్రపోయాయి.

అప్పుడు ఊరిని పిలిచింది. ఊరు నవ్వుతూనే గోడరాళ్ళు మోసింది. ఊరి పైన గది లేచింది. వాగునీటిని కాలువ తీసి గదిలోంచి పారించారు. కాలువలో మూడు రాళ్ళూ పక్కపక్కనే పెట్టారు. వేడిని నీళ్ళు మోసుకుపోతున్నంతసేపూ మూడు కలిసినా ముప్పు లేదు. వాటిపైన దూలం మీంచి తాడుతో మట్టిపలక వేలాడదీశారు. తాడు చివర గది బయట, ఒక మనిషి చేతిలో.

పట్టుకుంటే పలక పైన, రాళ్ళకు మెలకువ. వదిలితే పలక కింద, రాళ్ళకు నిద్ర.

వేడినీళ్ళు కాలువ దిగి ప్రతి గడప ముందు నుంచీ పోయేవి. తల్లులు ఉయ్యాలలు కాలువ పక్కన కట్టుకున్నారు. ఆ ఏడు చలికి ఎవరూ పోలేదు. మరుసటి ఏడూ పోలేదు.

మూడో ఏడు రాగిచేలు పండి చోడి కోతలొచ్చాయి. మనుషులు చాలలేదు. పైగా తాడు పట్టినవాళ్ళు కునికినప్పుడల్లా పలక పడేది, నీళ్ళు చల్లబడేవి, ఊరు తిట్టేది. ఊరిపెద్ద గుంపస్వామి చిన్నాలు దగ్గరికొచ్చాడు.

"ఏమే చిన్నాలూ, ఓ మేకు కొట్టి తాడు కట్టేస్తే పోలేదా? మేకుకి నిద్ర లేదు, ఆకలి లేదు, అలక లేదు."

"నిజమే బాబూ. భయమూ లేదు."

"భయంతో ఏటి పని?"

"ముప్పొస్తే మనిషి తాడొదిలి పరిగెత్తుతాడు. మేకు పరిగెత్తదు."

రెండోసారి అడిగాడు. రెండోసారీ కాదంది. మూడోసారి అడగలేదు. మేకు కొట్టి, తాడు కట్టి, మనుషుల్ని చేలోకి తోలుకుపోయాడు.

చిన్నాలు పొద్దున్నే అంబలి ముంతతో పైకెళ్ళింది. మేకు చూసింది. ముడి విప్పి, తాడు చేతిలోకి తీసుకుని కూర్చుంది.

కోతకు పోతూ ఎర్రెమ్మ కేకేసింది. "మేకుంది కదా అప్పా, ఇంటికి పో. నీ వయసెంత, ఆ చలేంటి?"

"ఊరిని మేకుకప్పజెప్పి ఎలా పోతానే? నువ్వు నడు."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పైన కొండచరియ జారింది. కాలువ మూసుకుపోయింది. గదిలోకి నీళ్ళు రావడం మానేశాయి. నీళ్ళు లేని రాళ్ళు అంతకంతకూ మండాయి. కింద గడపల ముందు కాలువ ఎండింది.

గుంపస్వామి అది చూసి, కాలువ తెగిందేమోనని తిట్టుకుంటూ పైకొచ్చాడు. మేకు ఖాళీగా ఉంది. గది గోడ ముట్టుకోలేనంత వేడిగా ఉంది. దూలం ఒక పక్క మాడింది. పలక మాత్రం కిందికి దిగి, రాళ్ళ మధ్య నిలబడి ఉంది. రాళ్ళు నిద్రపోతున్నాయి. గోడకు ఆనుకుని చిన్నాలు కూర్చుని ఉంది. ఊపిరి లేదు. అరచెయ్యి తెరిచి ఉంది.

ఎర్రెమ్మ వచ్చి ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ముప్పు చూసి వదిలిందా, ప్రాణం పోయి చెయ్యి వదిలిందా?" అన్నాడు గుంపస్వామి.

"ఏదైతేనేం బాబూ. రెంటికీ పలక పడేలాగే కదా అప్ప కట్టింది."

గుంపస్వామి వంగి మేకు పీకాడు. అది తేలిగ్గా రాలేదు. చేతులు నెత్తురోడేదాకా పీకాడు. ఆ రోజు నుంచి మొదటి వంతు ఆయనదే. చచ్చేదాకా తాడు పట్టాడు.

ఏడు తరాలకు ఆ రాళ్ళు వాటంతటవే చల్లారిపోయాయి. గది కూలింది. వాగు ఉంది. మబ్బు పట్టిన రోజు ఒక మడుగు అడుగున నీలం కనపడుతుందంటారు, నేను చూడలేదు.

ఇప్పటికీ ఆ కొండల్లో వంటైపోగానే పొయ్యిరాళ్ళు మూడింటిలో ఒకదాన్ని జానెడు వెనక్కి జరుపుతారు. ఎందుకని అడిగితే, చిన్నాలు కోసం అంటారు. పని వదిలేసి ఊరు తిరిగేవాణ్ణి "మేకుకి కట్టొచ్చావా?" అని అడుగుతారు. ప్రయాణమయ్యే మనిషిని క్షేమంగా వెళ్ళిరమ్మనే ముందు ఇంకో మాట అడుగుతారు.

కథ కొండెక్కింది, మనం పొయ్యి దగ్గరికి దిగాం. మరి, రాయి జరిపారా?