పందెం లారీకి ఇత్తడి తలుపు

"నీళ్ళు పోయే దారిలో అడ్డంగా ఒక చిన్న తలుపు ఉందనుకోండి. ఆ తలుపు పీకి పారేశాం. ఇప్పుడు నీళ్ళు బాగా పోతాయా, పోవా? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి."

"బాగా పోతాయి అమ్మమ్మా!" ముగ్గురు పిల్లలూ ఒక్కసారే అరిచారు.

"సరే. పైడిరాజు కూడా అదే అన్నాడు. వాడు మీలా చిన్నపిల్లాడేం కాదు, ముప్ఫయ్యేళ్ళవాడు, లారీ మెకానిక్కు. వాడి సంగతి వినండి."

పైడిరాజు గాజువాకలో జిలానీ ఉస్తాద్ షెడ్డులో పని నేర్చుకున్నాడు. పదకొండేళ్ళు నేర్చుకున్నాడు. వీధి చివర లారీ వస్తోందంటే, చప్పుడు విని ఏ సిలిండరు మొరాయిస్తోందో చెప్పేసేవాడు. పనిమంతుడే. ఆ సంగతి వాడికి కాస్త ఎక్కువగా తెలుసు, చిక్కంతా అక్కడే.

అనకాపల్లి దాటాక ఎర్రమెట్ట అని ఒక రాళ్ళ క్వారీ ఉంది. ఏటా దసరా ఆయుధపూజ మర్నాడు అక్కడ లారీల పందెం పెడతారు. పది టన్నుల రాయి నింపుకుని, పద్నాలుగు మలుపులు తిరిగి, ఎక్కడా ఆగకుండా కొండ మీదికి చేరాలి. ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతారు. తక్కువసేపట్లో చేరినవాళ్ళది గెలుపు. మధ్యలో ఆగితే ఇక అంతే, వెనక్కి దిగిపోవాలి.

నూకరత్నం అనే ఆవిడకి ఒక లారీ ఉంది. తనే నడుపుతుంది. గొంతు హారన్‌కి తీసిపోదు. ఆ లారీని పందెం లారీగా తయారుచేసే పని పైడిరాజు మీద పెట్టింది. వాడు రెండేళ్ళు కష్టపడ్డాడు. ఇంజనులోకి గాలి ఎక్కువ తోసే పెద్ద టర్బో వేశాడు, డీజిల్ ఎక్కువ పట్టేలా చేశాడు. ఇంజను జోరు రెండింతలైంది. దాంతోపాటు వేడీ రెండింతలైంది.

ఇంజనులో థర్మోస్టాట్ అని గుప్పెడంత ఇత్తడి బిళ్ళ ఉంటుంది. నేను తలుపు అన్నది దాన్నే. దాని పొట్టలో మైనం ఉంటుంది. మైనానికి వేడి తగిలితే ఏమవుతుంది? కరిగి ఉబ్బుతుంది. ఉబ్బి తలుపుని తోస్తుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ తలుపు మూసుకుని, నీళ్ళు ఇంజనులోనే తిరుగుతాయి. వేడెక్కాక తలుపు తెరుచుకుని, నీళ్ళు రేడియేటరుకి పోయి చల్లబడి వస్తాయి. ఇంతే దాని పని.

"మన ఎండలకి ఇదొకటా!" అని చాలా షెడ్లలో లారీ లోపలికి రాగానే ముందు దాన్ని పీకి తుక్కుడబ్బాలో పడేస్తారు. అదొక అలవాటు. ఎందుకని ఎవరూ అడగరు. పైడిరాజు కూడా పీకేశాడు.

ఆ రోజు ఉస్తాద్ ఒక్కటే అడిగాడు. "తీసింది ఎక్కడ పెట్టావు?"

"తుక్కులో వేసేశాను ఉస్తాద్. నీళ్ళకి అడ్డం ఎందుకు? హాయిగా పోనీండి."

ఉస్తాద్ తల ఊపి తన పనిలో పడ్డాడు.

ఆ ఏడు పందెంలో లారీ తొమ్మిదో మలుపు దగ్గర పొంగిపోయింది. బానెట్ కిందినుంచి ఆవిరి బుస్సుమంది. రోడ్డు పక్క నిలబడ్డవాళ్ళలో ఎదుటి షెడ్డు మెకానిక్కు సన్యాసినాయుడు కూడా ఉన్నాడు.

"పైడీ! నీళ్ళు మరిగాయి రా! టీ పొడి పట్రానా?"

కొండంతా నవ్వింది. ఆ రోజునుంచి నూకరత్నం లారీకి టీ కెటిల్ అని పేరు పడిపోయింది. ఆవిడ క్వారీలోకి రాగానే లోడింగువాళ్ళు, "రత్నమ్మా, చక్కెర తక్కువ వెయ్యి" అనేవారు. ఏడాదంతా అదే మాట.

పైడిరాజు పట్టుదలకి పోయాడు. ఉన్న రేడియేటరు తీసేసి ఇంకా పెద్దది పెట్టాడు. ఫ్యాను మార్చాడు. ముందర జాలీ కోసి గాలి తగిలేలా చేశాడు. ఉస్తాద్‌ని మాత్రం ఏమీ అడగలేదు. పదకొండేళ్ళు చేసినవాడు ఇంకా అడుగుతాడా?

మళ్ళీ దసరా వచ్చింది. పందేనికి ఎనిమిది రోజుల ముందు రాయి నింపి కొండెక్కించి చూశారు. లారీ మళ్ళీ తొమ్మిదో మలుపులోనే పొంగింది.

నూకరత్నం కిందికి దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, చుర్రుమనగానే తీసేసుకుంది.

"ఒరే పైడీ, నిన్ను తమ్ముడిలా చూశాను. కానీ ఈ ఏడు కూడా కొండ మీదికి చేరలేదనుకో, ఈ ఇంజను సన్యాసినాయుడి షెడ్డుకి పోతుంది. వాడే విప్పుతాడు, వాడే బిగిస్తాడు. ముందే చెప్తున్నాను."

 మూడేళ్ళుగా ఆ ఇంజనులో పైడిరాజు చెయ్యి తగలని బోల్టు ఒక్కటి లేదు. దాన్ని ఇంకొకడు విప్పుతాడా!

మర్నాడు పొద్దున్నే ఉస్తాద్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఉస్తాద్, రేడియేటరు చూస్తే తలుపంత ఉంది. నీళ్ళకి అడ్డమే లేదు. మరి ఎందుకు మరుగుతోంది?"

ఉస్తాద్ లేచాడు. మూలకి వెళ్ళి, పాడైపోయిన ఇంజనుది ఒక ఇనప డొల్ల పట్టుకొచ్చాడు. థర్మోస్టాట్ కూర్చునే డొల్ల అది. దానికి మూడు కంతలు. ఇంజనులోంచి నీళ్ళు వచ్చేది ఒకటి. రేడియేటరుకి పోయేది ఒకటి. తిరిగి ఇంజనులోకే పోయే దగ్గరి దారి ఇంకొకటి. రేడియేటరు కంతకి ఒక పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, డొల్లని బల్ల మీద పెట్టి, రెండో కొసని అంచు మీదుగా కిందికి దించి పైడిరాజు చేతికిచ్చాడు.

"పట్టుకో."

మగ్గుతో డొల్లలో నీళ్ళు పోశాడు. నీళ్ళన్నీ దగ్గరి దారినే జారి నేలమీద పడ్డాయి. పైడిరాజు చేతిలో గొట్టం తడవనైనా తడవలేదు. ఉస్తాద్ ఇంకో మగ్గు పోశాడు. మళ్ళీ అంతే.

మూడో మగ్గు పోస్తూ, ఉస్తాద్ తన బొటనవేలు ఆ దగ్గరి కంత మీద పెట్టి మూశాడు.

గొట్టంలోంచి నీళ్ళు చివ్వున వచ్చి పైడిరాజు చొక్కా తడిపేశాయి.

పైడిరాజు ఆ బొటనవేలి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ ఇత్తడి బిళ్ళ కింద ఇంకో చిన్న పళ్ళెం ఉంటుంది. పైతలుపు తెరుచుకున్నప్పుడు అది కిందికి దిగి దగ్గరి దారి మూసేస్తుంది. పదకొండేళ్ళలో వాడు అలాంటివి వంద పీకి ఉంటాడు. ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు. తలుపంత రేడియేటరు పెట్టాడు గానీ, ఏడాదిగా సగం నీళ్ళు దాని గడపే తొక్కలేదు.

లేచి తుక్కుడబ్బా వైపు పరుగెత్తబోయాడు. ఉస్తాద్ టీ పొయ్యి పైన అరలోకి చెయ్యి పెట్టి, టీ పొడి డబ్బా వెనకనుంచి గుడ్డలో చుట్టిన ఇత్తడి బిళ్ళ తీశాడు.

"ఇది ఎప్పుడు తీశారు ఉస్తాద్?"

"నువ్వు పడేసిన రోజే."

"మరి చెప్పలేదేటి?"

"నువ్వు అడగలేదు కదా బేటా."

పైడిరాజు తల దించుకుని, దాన్ని బిగించడానికి పానా తీసుకున్నాడు. ఉస్తాద్ ఆపాడు.

"హార్బరుకి పో. చేపల బోట్లలో మన ఇంజనులాంటిదే వాడతారు. వాళ్ళ థర్మోస్టాట్ ఒకటి అడిగి పట్రా."

అదేం పనో పైడిరాజుకి అర్థం కాలేదు. అయినా ఈసారి వెళ్ళాడు. చేపల వాసన కొడుతూ మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చూడ్డానికి అదీ ఇదీ ఒక్కలాగే ఉన్నాయి. ఎన్ని డిగ్రీలకి తెరుచుకుంటుందో చెప్పే అంచు మీది అంకెలే వేరు. పాతదాని మీద ఎనభైమూడు, బోటుదాని మీద డెబ్భైఒకటి.

ఉస్తాద్ టీ గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. రెండింటినీ తీగకి కట్టి నీళ్ళలో వేలాడేశాడు. పక్కన వేడి చూసే గాజుపుల్ల పెట్టాడు.

"చూస్తూ ఉండు. చెయ్యి పెట్టకు, మాట్లాడకు."

అరవై. అరవై ఐదు. గిన్నె అడుగున బుడగలు పట్టాయి. డెబ్భై దాటగానే బోటు బిళ్ళ నెమ్మదిగా, నిద్రలేచిన కన్నులా తెరుచుకోసాగింది. పాతది బిగుసుకునే ఉంది. ఎనభై ఐదుకి బోటుది పూర్తిగా విచ్చుకుంది. పాతది అప్పుడే పెదవి కదిపింది. అది పూర్తిగా తెరుచుకునేసరికి నీళ్ళు తెర్లుతున్నాయి.

"కొండమీద ఒక్కో మలుపుకి ఎంత వేడి ఎక్కుతుంది?" ఉస్తాద్ అడిగాడు.

"కింద మూడు నాలుగు డిగ్రీలు. ఎనిమిది దాటాక పదికి తక్కువ కాదు."

"అయితే పాతది పూర్తిగా తెరుచుకునేసరికి నువ్వెక్కడుంటావు?"

పైడిరాజు వేళ్ళ మీద మలుపులు లెక్కేశాడు. "తొమ్మిదో మలుపులో."

ఉస్తాద్ గిన్నె దించేశాడు.

"మరిగాక తెరుచుకుంటే ఎవరికి ఉపయోగం బేటా?"

పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట ఇత్తడి గురించి కాదని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం వాడు బోటు థర్మోస్టాట్‌ని బిగించడానికి కూర్చున్నాడు. దాని అంచున గుండుసూది పట్టేంత బెజ్జం ఉంటుంది, లోపల చిక్కుకున్న గాలి పోవడానికి. అది ఏ వైపు ఉండాలి? తనకి తెలుసనే అనుకున్నాడు పైడిరాజు. అయినా పానా కింద పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఉస్తాద్, బెజ్జం పైకే కదా?"

ఉస్తాద్ పేపరు చదువుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "పైకే." ఆ మూలనుంచి చూస్తే కనపడదు గానీ, ఆయన మొహంలో నవ్వుంది.

పందెం రోజు ఎర్రమెట్టకి జనం విరగబడ్డారు. లారీలకి బంతిపూల దండలు, నిమ్మకాయలు, పసుపుబొట్లు. నూకరత్నం స్టీరింగు దగ్గర, పక్కన పైడిరాజు. వాడి కళ్ళు వేడి చూపించే ముల్లు మీదనుంచి కదల్లేదు.

జెండా ఊపారు. లారీ గాండ్రించి కదిలింది.

మూడో మలుపులో ముల్లు డెబ్భై దాటింది. పైడిరాజు చెయ్యి పెట్టి చూడకుండానే రేడియేటరు గొట్టం వేడెక్కిందని తెలుసుకున్నాడు, ముందునుంచి వెచ్చటి గాలి కొట్టింది. నీళ్ళు పోతున్నాయి. ఆరో మలుపు, డెబ్భై ఎనిమిది. ఎనిమిదో మలుపు, ఎనభై ఆరు.

తొమ్మిదో మలుపు దగ్గర సన్యాసినాయుడు పది మందిని వెంటేసుకుని నిలబడ్డాడు. అందరి చేతుల్లో ఖాళీ టీ గ్లాసులు. లారీ దగ్గరికి రాగానే గ్లాసులు ముందుకి చాపారు.

"రత్నమ్మా, పొయ్యవమ్మా వేడివేడిగా!"

"ముల్లు ఎంతరా?" నూకరత్నం అరిచింది.

"తొంభై ఒకటి! అక్కడే ఉంది! పోనీ అక్కా, పోనీ!"

ఆవిడ గేరు దించి, యాక్సిలరేటరు తొక్కిపట్టింది. లారీ ఒళ్ళు విరుచుకుని మలుపు తిరిగింది. ఆ గ్లాసుల వరస ముందునుంచి, ఆవిరి చుక్క లేకుండా, పది టన్నుల రాయితో దూసుకుపోయింది. నూకరత్నం హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. పది. పదకొండు. ముల్లు తొంభై మూడుకి ఎక్కి, అక్కడ మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. పన్నెండు. పదమూడు. జనం లారీతోపాటు పరుగెడుతున్నారు. టీ కెటిల్ అని పిలిచిన లోడింగువాళ్ళే అందరికంటే ముందు పరుగెడుతున్నారు.

పద్నాలుగో మలుపు తిరిగేసరికి ఎదురుగా ఇక కొండ లేదు. ఆకాశం ఒక్కటే ఉంది.

ఆ ఏడు ఆ లారీకంటే తక్కువసేపట్లో ఎక్కిన లారీ లేదు. నూకరత్నం కిందికి దూకి, తన లారీకున్న బంతిపూల దండ తెంపి పైడిరాజు మెడలో పడేసింది. నిలబడి ఏడ్చేసింది కూడా, హారన్ గొంతుతోనే.

కాసేపటికి సన్యాసినాయుడు కొండ మీదికి వచ్చాడు. చేతిలో గ్లాసు ఖాళీగా లేదు, టీ ఉంది. మొహం అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

పైడిరాజు నాలుక చివర ఏడాదిగా దాచుకున్న మాటలు పది ఉన్నాయి. నోరు తెరిచాడు. దూరంగా నిమ్మచెట్టు నీడలో కూర్చున్న ఉస్తాద్ కనపడ్డాడు. పైడిరాజు చెయ్యి చాపి ఆ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు.

"చక్కెర సరిపోయింది నాయుడన్నా. మీ షెడ్డు లారీ కూడా ఒకసారి పట్రండి, ఇద్దరం కలిసి చూద్దాం."

సాయంత్రం షెడ్డుకి వచ్చాక ఉస్తాద్ అరలోంచి ఆ పాత థర్మోస్టాట్ తీసి పైడిరాజు అరచేతిలో పెట్టాడు.

"ఇక దీంతో పని లేదు. ఇప్పుడు పారెయ్యి."

పైడిరాజు తుక్కుడబ్బా దాకా వెళ్ళాడు.  దాన్ని చొక్కా అంచుతో తుడిచి, గుండెల మీది జేబులో వేసుకుని వెనక్కి వచ్చాడు.

ఉస్తాద్ రెండు గ్లాసుల్లో టీ పోశాడు.

"పారెయ్యమంటే ఎందుకు పారెయ్యలేదు అమ్మమ్మా?" చిన్నది అడిగింది.

"రాత్రికి ఆలోచించి రేపు నువ్వే నాకు చెప్పు. మినప్పప్పు సగం కడిగి వచ్చాను, పొట్టంతా తేలి ఉంటుంది," అంటూ అమ్మమ్మ చెంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.